ఎఫ్/0.95 అంకె చూసి కొనకండి: మిర్రర్‌లెస్ కెమెరాకు ఫాస్ట్ మాన్యువల్ ప్రైమ్ లెన్స్ ఎంచుకునే పద్ధతి

మా పెదనాన్నగారి అమ్మాయి పెళ్లి. ముహూర్తం రాత్రి రెండు దాటాక. కొత్తగా కొన్న 50 మి.మీ. ఎఫ్/0.95 మాన్యువల్ ప్రైమ్ లెన్స్ (జూమ్ ఉండదు, ఫోకస్ చేత్తోనే తిప్పుకోవాలి) పట్టుకుని, అసలు ఫొటోగ్రాఫర్‌కి అడ్డం రాకుండా మండపం పక్కన ఓ మూల కూర్చున్నాను. కెమెరా స్క్రీన్ మీద అక్క ముఖం చుట్టూ ఎర్రగీతలు మెరుస్తున్నాయి. ఫోకస్ కుదిరిందనుకుని నొక్కుతూనే ఉన్నాను. మర్నాడు కంప్యూటర్‌లో చూస్తే నుదుటి మీది బాసికంలో పూసలు లెక్కపెట్టుకోవచ్చు. కళ్లు మాత్రం ఆవిరి పట్టిన అద్దం వెనక ఉన్నట్టున్నాయి. నలభై చిల్లర ఫొటోల్లో కళ్లు షార్ప్‌గా వచ్చినవి ఆరు.

లెన్స్‌లో లోపమేమీ లేదు. మీటరు దూరం నుంచి 50 మి.మీ. లెన్స్‌ని ఎఫ్/0.95లో వాడితే స్పష్టంగా కనిపించే మందం రెండు సెంటీమీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. బాసికం కంటికన్నా ఇంచుమించు అంత ముందుకే ఉంటుంది. పైగా ఆ ఎర్రగీతలు, అంటే ఫోకస్ పీకింగ్, కాంట్రాస్ట్ ఎక్కడ ఎక్కువుంటే అక్కడ వెలుగుతాయి. మెరిసే పూసలు పక్కనే ఉండగా కనుపాప సంగతి దానికెందుకు పడుతుంది?

ఈ లెన్స్‌లు కొనేటప్పుడు నేను అడగాల్సిన ప్రశ్న "ఎంత ఫాస్ట్?", అంటే ఎంత వెడల్పుగా తెరుచుకుని ఎంత కాంతి పడుతుంది, అన్నది కాదు. "నేను ఎంత దూరంలో నిలబడతాను, ఫోకస్ ఎలా చూసుకుంటాను?" అన్నది. కింద రాసిన వరుసంతా ఆ ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

అడుగు 1: పైసా ఖర్చు పెట్టకుండా ఒక వారం

కెమెరాతో పాటు వచ్చిన కిట్ జూమ్ లెన్స్‌ని 35 దగ్గరో 50 దగ్గరో ఆపి, జూమ్ రింగు కదలకుండా చిన్న టేపు ముక్క అతికించండి. ఫోకస్‌ని మాన్యువల్‌కి మార్చండి. వారం రోజులు ఇంట్లోవాళ్లను, వీధి చివర టీ కొట్టును, బస్టాపులో జనాన్ని దానితోనే తీయండి. కిట్ లెన్స్ ఎఫ్/4, ఎఫ్/5.6 దగ్గర ఉంటుంది కాబట్టి తప్పులు చాలావరకు క్షమిస్తుంది. ఇక్కడే విసుగొస్తే ఎఫ్/1.2 దగ్గర ఏడుపొస్తుంది.

వారం అయ్యాక రెండు విషయాలు చూసుకోండి. మీకు నచ్చిన ఫొటోల్లో మనిషి ఎంత దూరంలో ఉన్నాడు? ఆ మనిషి కదులుతున్నాడా, కూర్చున్నాడా? పరుగెత్తే రెండేళ్ల పిల్లాడే మీ ప్రధాన సబ్జెక్టు అయితే మొహమాటం లేకుండా చెబుతున్నా, ఆటోఫోకస్ ఎఫ్/1.8 లెన్స్ కొనుక్కోండి. డబ్బు తీసుకుని పెళ్లిళ్లు తీసేవాళ్లకూ అదే మాట. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రెండోసారి రాదు.

ఒక్క సంగతి మాత్రం గుర్తుంచుకోండి. కిట్ లెన్స్ రింగుకి లోపల గాజుతో నేరుగా సంబంధం ఉండదు. అది మోటారుకి సిగ్నల్ పంపుతుంది, ఎంత తిప్పినా ఆగదు. అసలైన మాన్యువల్ లెన్స్‌లో మరలు గాజును నేరుగా ముందుకీ వెనక్కీ జరుపుతాయి, రెండు చివర్లా గట్టిగా ఆగుతుంది. వారం పరీక్షలో చేతికి తెలిసేది సగమే. మిగతా సగం షాపులో అసలు లెన్స్ తిప్పి చూస్తేనే తెలుస్తుంది.

అడుగు 2: అంకె ఏం ఇస్తుందో, ఏం ఇవ్వదో

లెన్స్ ఫోకల్ పొడవును (50 మి.మీ. అని పేరులో ఉండే అంకె, గొట్టం పొడవు కాదు) లోపలి రంధ్రం, అంటే అపర్చర్, వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ నంబరు. 50 మి.మీ. ఎఫ్/0.95కి రంధ్రం దాదాపు 53 మి.మీ. అందుకే ముందు గాజు అంత లావు, లెన్స్ అంత బరువు.

వెలుతురు లెక్కన ఎఫ్/1.4 కన్నా ఎఫ్/0.95 సుమారు 2.2 రెట్లు ఎక్కువ కాంతి తీసుకుంటుంది. వినడానికి బాగుంది. కెమెరాలో మాత్రం అది ఒక స్టాపుకు (కాంతి రెట్టింపయ్యే ఒక మెట్టుకు) కాస్త ఎక్కువ, అంటే ఐఎస్ఓ (కాంతికి సెన్సర్ సున్నితత్వం) 6400 బదులు 3200కి కాస్త తక్కువ. నికాన్ 1977లో 58 మి.మీ. ఎఫ్/1.2 నోక్ట్ తెచ్చిన రోజుల్లో ఆ ఒక్క స్టాపుకి ప్రాణం పెట్టేవాళ్లు, ఎందుకంటే ఫిల్మ్ 400 దాటితే గింజలు గింజలుగా కనిపించేది. ఇప్పటి సెన్సర్లకు 6400 పెద్ద విషయం కాదు. అదీగాక బాగా ఏటవాలుగా వచ్చే కిరణాలను డిజిటల్ సెన్సర్ పూర్తిగా పట్టుకోలేదు కాబట్టి, కాగితం మీద ఉన్న లాభమంతా చేతికి రాదు కూడా. వెలుతురు కోసమే ఎఫ్/0.95 కొంటానంటే నేను వద్దంటాను.

మిగిలింది బ్లర్. ఇక్కడా లెక్క చూడండి. ఫుల్ ఫ్రేమ్‌లో (పాత ఫిల్మ్ అంత సైజు సెన్సర్‌లో) 50 మి.మీ. లెన్స్‌కి మనిషి మీటరు దూరంలో ఉంటే స్పష్టమైన మందం ఎఫ్/0.95లో 2.2 సెం.మీ., ఎఫ్/1.4లో 3.2, ఎఫ్/2లో 4.6. అదే మనిషి రెండు మీటర్ల దూరానికి జరిగితే 9, 13, 19 సెంటీమీటర్లు. ఇవి మామూలు సైజు ప్రింటుకు వేసే పాత లెక్కలు. స్క్రీన్ మీద జూమ్ చేసి చూస్తే ఇంకా సన్నగా ఉంటాయి. ముక్కు నుంచి చెవి దాకా స్పష్టంగా రావాలంటే 10 సెం.మీ. పైనే కావాలి. అంటే దగ్గర నుంచి ముఖాలు తీసేవాళ్లు ఎఫ్/0.95 కొన్నా ఎఫ్/2 దగ్గరో, ఇంకా మూసో వాడతారు. రెండు మూడు మీటర్ల దూరం నుంచి నడుము దాకా, లేదా నిలువెత్తు మనిషిని తీసేవాళ్లకే ఆ అంకె నిజంగా పనికొస్తుంది. మనిషి మొత్తం స్పష్టంగా ఉండి వెనక వీధి కరిగిపోయే ఆ రూపం వేరే దారిలో తేలిగ్గా రాదు.

వెనకాల ఉన్నది కరిగిపోతే చాలు, మిగతాది అక్కర్లేదంటారా? అయితే 85 మి.మీ. ఎఫ్/1.4 చూడండి. దాని రంధ్రం 61 మి.మీ. ఉంటుంది. 135 మి.మీ. ఎఫ్/2ది 67 మి.మీ. పైనే. రెండూ 50 మి.మీ. ఎఫ్/0.95 కన్నా వెనకదాన్ని ఎక్కువ కరిగిస్తాయి, ధర కూడా చాలాసార్లు తక్కువ. కొరియా కంపెనీ సామ్‌యాంగ్ చేసే ఈ రెండు మాన్యువల్ లెన్స్‌లూ ఏళ్లుగా మంచి పేరున్నవే.

క్రాప్ సెన్సర్, అంటే ఫుల్ ఫ్రేమ్ కన్నా చిన్నదైన ఏపీఎస్-సీ, మైక్రో ఫోర్ థర్డ్స్ లాంటిది, ఉన్నవాళ్లు ఇంకో గుణకారం వేసుకోవాలి. ఏపీఎస్-సీలో 35 మి.మీ. ఎఫ్/0.95 పెడితే ఫుల్ ఫ్రేమ్‌లో 52 మి.మీ. ఎఫ్/1.4 పెట్టినట్టు కనిపిస్తుంది. మైక్రో ఫోర్ థర్డ్స్‌లో 25 మి.మీ. ఎఫ్/0.95 అంటే రూపంలో 50 మి.మీ. ఎఫ్/1.9. ఎక్స్‌పోజర్ మాత్రం ఎఫ్/0.95దే, అది మారదు. కాబట్టి చిన్న సెన్సర్‌కి ఎఫ్/0.95 విలాసం కాదు, ఒకరకంగా సర్దుబాటు. ఆ కెమెరాల మీద ఈ లెన్స్‌లు కాస్త సుఖంగా ఫోకస్ అయ్యేది కూడా అందుకే.

అడుగు 3: పొడవు

ఇది తొందరగా తేలిపోతుంది. ఒక్కటే కొనేట్టయితే ఫుల్ ఫ్రేమ్‌లో 35, 40, 50లలో ఒకటి. క్రాప్‌లో 23 నుంచి 35 మధ్య. ఇల్లు, వంటగది, హోటల్ టేబులు లాంటి ఇరుకు చోట్లయితే 35. గుడి ప్రాంగణం, చెరువు గట్టు, ఆరుబయట మనుషులైతే 50. 40 అనేది రెంటి మధ్య రాజీ అనుకునేవాణ్ణి. ఇప్పుడు నా కెమెరా మీద ఎక్కువ ఉండేది అదే.

నక్షత్రాల కోసం గండికోట లాంటి చీకటి చోట్లకు వెళ్లేవాళ్ల లెక్క వేరు. వాళ్లకు 12 నుంచి 24 మధ్య వైడ్ లెన్స్ కావాలి. బ్లర్ గురించి పట్టింపు లేదు, మూలల్లో చుక్కలు చుక్కల్లా ఉండాలి. కోమా అనే లోపం ఉన్న లెన్స్‌లో మూలనున్న నక్షత్రం రెక్కలు విప్పిన పిట్టలా వస్తుంది. ఏపీఎస్-సీకి సామ్‌యాంగ్ 12 మి.మీ. ఎఫ్/2 ఈ పనికి పాత కాపు.

అడుగు 4: మౌంట్, అడాప్టర్, ఓ గాజుపలక కథ

మిర్రర్‌లెస్ కెమెరాకి పాత లెన్స్‌లు అంత సులువుగా పట్టడానికి కారణం లోపల అద్దం లేకపోవడమే. మౌంట్ (లెన్స్ బిగించే రింగు) నుంచి సెన్సర్‌కి దూరం నికాన్ జెడ్‌లో 16 మి.మీ., సోనీ ఈలో 18, ఫుజీ ఎక్స్‌లో 17.7, కెనాన్ ఆర్‌ఎఫ్, ఎల్ మౌంట్లలో 20. లోపల అద్దం ఉండే పాత ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల లెన్స్‌లకు 42 నుంచి 46.5 మి.మీ. దాకా కావాలి, లైకా ఎం లెన్స్‌కి 27.8. మధ్యలో ఉన్న ఖాళీని ఓ బోలు గొట్టంతో నింపితే సరిపోతుంది. అదే అడాప్టర్. గాజు లేదు కాబట్టి నాణ్యత పోదు.

పోదు అన్నాను గానీ, గొట్టం సరిగ్గా ఉంటేనే. నేను మొదట కొన్న చవక అడాప్టర్ మీద లెన్స్ అటూ ఇటూ ఊగేది. రింగు తిప్పితే ముందు లెన్స్ కదిలి, తర్వాత ఫోకస్ కదిలేది. ఫాస్ట్ లెన్స్‌కి అడాప్టర్ కొంటే ఓ మెట్టు మంచిదే కొనండి.

రెండో చిక్కు అంత తేలిగ్గా కనిపించదు. ప్రతి సెన్సర్ ముందూ పల్చటి గాజుపలక ఉంటుంది. సోనీలో అది సుమారు 2 మి.మీ., నికాన్ జెడ్‌లో అందులో ఇంచుమించు సగం, లైకాలో ఇంకా పల్చన. ఫిల్మ్ ముందు గాజు లేదు కాబట్టి, ఫిల్మ్ కాలపు రేంజ్‌ఫైండర్ లెన్స్‌లు (లైకా ఎం లాంటి, ఎస్‌ఎల్‌ఆర్ అద్దం లేని కెమెరాలవి), అందులోనూ 35 కన్నా వైడ్‌వి, సోనీ మీద పెడితే మూలలు సాగినట్టు మసకగా వస్తాయి. పాత ఎస్‌ఎల్‌ఆర్ లెన్స్‌లకు ఈ బాధ చాలా తక్కువ, ఎందుకంటే వాటి వెనక గాజు సెన్సర్‌కి దూరంగా ఉంటుంది.

అయినా ఎం మౌంట్ లెన్స్ కొనడంలో ఒక తెలివి ఉంది. రేపు సోనీ అమ్మేసి నికాన్ కొన్నా లెన్స్ మీతోనే వస్తుంది, అడాప్టర్ మారితే చాలు. దానికి చెల్లించే మూల్యం దగ్గరి ఫోకస్. రేంజ్‌ఫైండర్ లెన్స్‌లు సాధారణంగా 70 సెం.మీ. దగ్గరే ఆగిపోతాయి, లైకా నోక్టిలక్స్ 50 మి.మీ. ఎఫ్/0.95 అయితే ఏకంగా మీటరు దగ్గర. భోజనం బల్లకి ఎదురుగా కూర్చున్న మనిషి మీద ఫోకస్ కాదన్నమాట. పొడవు పెరిగే హెలికాయిడ్ అడాప్టర్లు ఈ కొరత తీరుస్తాయి. ఒకే కెమెరాతో సంసారం చేసేవాళ్లు మాత్రం ఆ కెమెరా మౌంట్‌లోనే చేసిన లెన్స్ తీసుకోవడం మేలు.

అడుగు 5: వెనక బంగారు చుక్కలు ఉన్నాయా?

నా దృష్టిలో ఎఫ్/1.2కీ ఎఫ్/0.95కీ ఉన్న తేడా కన్నా ఇది పెద్ద తేడా. లెన్స్ వెనక ఎలక్ట్రానిక్ కాంటాక్టులు ఉంటే కెమెరాకి లెన్స్ పొడవు తెలుస్తుంది, చేతి వణుకును సరిదిద్దే స్టెబిలైజేషన్ దానంతట అది సర్దుకుంటుంది, ఏ అపర్చర్‌లో తీశారో ఫొటోలో నమోదవుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, సోనీ కెమెరాల్లో రింగు కదిపిన వెంటనే తెర తనంతట తానే జూమ్ అవుతుంది. బటన్ వెతుక్కోనక్కర్లేదు. కాంటాక్టులు లేని లెన్స్‌తో ఇదంతా చేత్తో చేసుకోవాలి.

జపాన్‌లో కోసినా చేసే ఫోగ్ట్‌లాండర్ లెన్స్‌ల్లో సోనీ ఈ, నికాన్ జెడ్ మౌంట్లవాటికి ఈ కాంటాక్టులుంటాయి. లావోవా, మిటాకాన్, 7ఆర్టిజన్స్, టీటీఆర్టిజన్ లాంటి చైనా కంపెనీల ఫాస్ట్ మాన్యువల్ లెన్స్‌ల్లో చాలావాటికి ఉండవు. ధరలో తేడాకి ఇదీ ఒక కారణం. నికాన్ జెడ్ఎఫ్ లాంటి కొత్త బాడీలు మాన్యువల్ ఫోకస్‌లో ఉన్నా ముఖాన్ని, కంటిని గుర్తుపట్టి అక్కడికే జూమ్ చేసి చూపిస్తాయి. ఆ రాత్రి మండపం దగ్గర నాకు అలాంటి బాడీ ఉండుంటే బాసికం బదులు కన్ను దొరికేది.

అడుగు 6: లెన్స్ గుణం చదవడం

బాగా తెరిచి పెట్టినప్పుడు ఏ ఫాస్ట్ లెన్సూ సంపూర్ణం కాదు. నికాన్ 2019లో తెచ్చిన 58 మి.మీ. ఎఫ్/0.95 ఎస్ నోక్ట్ దగ్గర దగ్గరగా వెళ్లింది. దానికోసం 17 గాజులు, రెండు కిలోల బరువు, అమెరికాలో ఎనిమిది వేల డాలర్ల ధర పెట్టాల్సొచ్చింది. మిగతా అన్నిటిలో ఏదో ఒక లోపం ఉంటుంది. మనకు ఇష్టమైన లోపం ఏదో తేల్చుకోవడమే ఎంపిక.

స్ఫెరికల్ ఆబరేషన్ ఎక్కువున్న లెన్స్ పూర్తిగా తెరిస్తే వెలుగు అంచుల్లో పల్చటి పొగలాంటి మెరుపు వస్తుంది. కార్తీక దీపాల ముందు కూర్చున్న అమ్మమ్మ ముఖానికి అది అందం. అదే లెన్స్‌తో నగల షాపు పని చేస్తే తిట్లు తింటారు. క్రొమాటిక్ లోపం ఉంటే తెల్ల పంచె అంచులోనో, ఎండలో ఆకుల సందుల్లోనో ఊదా, ఆకుపచ్చ గీతలు కనిపిస్తాయి. దీన్ని కంప్యూటర్‌లో తీయొచ్చు గానీ పూర్తిగా పోదు. ఏపీఓ అని పేరున్న లెన్స్‌లు ఈ రంగుగీతలను బాగా అణుస్తాయి. వాటిలో చాలావాటి ఎఫ్ నంబరు 2 దగ్గర ఆగడం యాదృచ్ఛికం కాదు.

శాంపిల్ ఫొటోలు చూసేటప్పుడు అందమైన అమ్మాయి ముఖం చూసి మోసపోకండి. వెనక చూడండి. చెట్ల ఆకులు, వీధి దీపాలు ఎలా ఉన్నాయి? దీపాల వృత్తాల చుట్టూ సబ్బు బుడగలా గట్టి అంచు ఉంటే ఆకుల నేపథ్యం గజిబిజిగా వస్తుంది. మూలల్లో వృత్తాలు నిమ్మకాయ ఆకారంలోకి మారడం అన్నిటిలోనూ కొంత ఉంటుంది, ఎంతన్నదే చూడాలి. తర్వాత అదే లెన్స్‌తో ఎఫ్/2లో తీసిన ఫొటో వెతకండి. మీరు నిజంగా ఎక్కువ వాడబోయేది అక్కడే. ఎఫ్/2 దగ్గర కూడా మెత్తగానే ఉన్న ఎఫ్/0.95 లెన్స్ కన్నా, ఎఫ్/1.4 దగ్గరే గట్టిపడే ఎఫ్/1.2 లెన్స్ మంచి బేరం.

ఇంకొకటి ఫోకస్ షిఫ్ట్. కొన్ని లెన్స్‌లు పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, తర్వాత ఎఫ్/2కి మూస్తే ఫోకస్ వెనక్కి జారుతుంది. సొనార్ రకం పాత డిజైన్లలో ఇది బాగా తెలిసిన అలవాటు. మిర్రర్‌లెస్‌లో విరుగుడు సులువే, ఏ అపర్చర్‌లో తీస్తారో అందులోనే ఫోకస్ చూసుకోవాలి.

అడుగు 7: రింగు మీద వేళ్లు పెట్టండి

రింగు కనిష్ఠ దూరం నుంచి అనంతం దాకా ఎన్ని డిగ్రీలు తిరుగుతుంది? మరీ కొంచెమే తిరిగితే వెంట్రుకవాసి కదలికకి ఫోకస్ ఎగిరిపోతుంది. మరీ ఎక్కువైతే మనిషి లేచి వెళ్లిపోయేదాకా తిప్పుతూనే ఉంటారు. నికాన్ ఎఫ్/0.95 నోక్ట్ రింగు 350 డిగ్రీలు తిరుగుతుంది. సినిమావాళ్లకు సుఖం, వీధి ఫొటోలకు కష్టం. మీటరు నుంచి అనంతానికి 90, 120 డిగ్రీల మధ్య నా చేతికి బాగుంటుంది. ఎక్కడా పట్టేయకుండా, వదులుగా జారకుండా, నెయ్యిలో గరిటె తిప్పినట్టు ఉండాలి.

అపర్చర్ రింగుకి క్లిక్ ఉందో లేదో చూడండి. క్లిక్ లేనిది వీడియోకి హాయి, ఫొటోలకు చిరాకు, తెలియకుండానే జరిగిపోతుంది. నికాన్ పాత లెన్స్‌లు కెనాన్ వాటికి వ్యతిరేక దిక్కులో తిరుగుతాయి. రెండూ కలిపి వాడితే వేళ్లు అయోమయంలో పడతాయి.

అడుగు 8: ఏవి చూడొచ్చు

పూర్తి జాబితా ఇవ్వను, నా అభిప్రాయం చెబుతాను.

మొదటి లెన్స్ అయితే, క్రాప్ కెమెరా ఉంటే, టీటీఆర్టిజన్ 35 మి.మీ. ఎఫ్/1.4 లాంటి చవకది చాలు. ఈ మాన్యువల్ సరదా మీకు పడుతుందో లేదో తెలుసుకోవడానికి అంతకన్నా పెట్టక్కర్లేదు. అది నచ్చి, ఇంకా కావాలనిపిస్తే 7ఆర్టిజన్స్ 35 మి.మీ. ఎఫ్/0.95, లావోవా ఆర్గస్ 33 మి.మీ. ఎఫ్/0.95 ఉన్నాయి. మైక్రో ఫోర్ థర్డ్స్ వాళ్లకు ఫోగ్ట్‌లాండర్ నోక్టన్ ఎఫ్/0.95 వరుస 10.5 నుంచి 60 మి.మీ. దాకా ఉంది, తయారీ పాత వాచీల్లా దిట్టంగా ఉంటుంది.

ఫుల్ ఫ్రేమ్‌లో నేను ముందు చెప్పేది ఫోగ్ట్‌లాండర్ నోక్టన్ 40 మి.మీ. ఎఫ్/1.2. సోనీ ఈ మౌంట్‌ది 420 గ్రాములు, 35 సెం.మీ. దాకా ఫోకస్ అవుతుంది, 58 మి.మీ. ఫిల్టర్ పడుతుంది, కాంటాక్టులున్నాయి. పూర్తిగా తెరిస్తే దగ్గర్లో మెత్తగా ఉంటుంది, అది నాకు ఇష్టం. మీకు నచ్చకపోవచ్చు. ఎఫ్/0.95 తప్పదంటే మిటాకాన్ స్పీడ్‌మాస్టర్ 50, లావోవా 35, 45 చూడండి. 700 గ్రాములు దాటిన బరువు మెడకు వేలాడుతుందని మాత్రం మరవకండి.

పాతవాటిలో రష్యన్ హీలియోస్ 44-2, 58 మి.మీ. ఎఫ్/2, వెనక ఆకులను సుడి తిప్పుతుంది. ఫాస్ట్ కాదు గానీ సరదా. నికాన్ 50 మి.మీ. ఎఫ్/1.2 ఏఐ-ఎస్ 1981 నాటిది, తెరిస్తే పొగ, ఎఫ్/2లో కత్తి. సూపర్ టకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4ల్లో కొన్నిటి గాజులో థోరియం కలిపారు. అది స్వల్పంగా రేడియోధార్మికం, కాలంతో గాజు టీ రంగుకి తిరుగుతుంది. కొన్ని రోజులు అతినీలలోహిత దీపం కింద ఉంచితే చాలావరకు విరుగుతుంది.

ఎక్కడ కొనాలన్నది కూడా ఎంపికలో భాగమే. హైదరాబాద్ కోఠిలో కెమెరా షాపులు తిరిగితే చేత్తో పట్టి చూడొచ్చు, అది పెద్ద లాభం. అమెరికా నుంచి వచ్చే బావగారి సూట్‌కేసులో తెప్పించుకుంటే డబ్బు మిగలొచ్చు. కానీ గాజు వంకరగా బిగించిన పీసు వస్తే తిరిగి పంపడానికి మళ్లీ బావగారి సెలవుల కోసం ఎదురు చూడాలి.

అడుగు 9: చేతికి వచ్చిన రోజే పరీక్ష

మొదట సెకండ్ హ్యాండ్ లెన్స్‌కి. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనక నుంచి ఫోన్ టార్చి వేసి ముందు నుంచి చూడండి. సాలెగూడులా సన్నటి దారాలు కనిపిస్తే ఫంగస్. దుమ్ము నలకలు పర్వాలేదు. అపర్చర్ రేకుల మీద నూనె మెరుపు ఉందేమో చూడండి.

తర్వాత కొత్తదైనా పాతదైనా. ట్రైపాడ్ మీద పెట్టి దూరంగా ఉన్న సెల్ టవర్‌నో వాటర్ ట్యాంకునో మధ్యలో ఉంచి, జూమ్ చేసి ఫోకస్ చేయండి. అనంతం దాకా చేరుతోందా? గుర్తు దాటి కాస్త ముందుకు వెళ్లడం మామూలే, అసలు చేరకపోవడం తప్పు. ఇప్పుడు అదే టవర్‌ని నాలుగు మూలలకూ తెచ్చి, ప్రతిసారీ కొత్తగా ఫోకస్ చేసి ఎఫ్/2.8లో తీయండి. మూడు మూలలు బాగుండి ఒకటి మాత్రం మసకగా ఉంటే లోపలి గాజు పక్కకి ఒరిగింది. అన్ని మూలలూ సమానంగా మెత్తగా ఉంటే అది ఆ లెన్స్ స్వభావం, ఫిర్యాదు చేయడానికి లేదు.

అడుగు 10: కెమెరా సర్దుబాట్లు

కాంటాక్టులు లేని లెన్స్ పెట్టగానే చాలా కెమెరాలు లెన్స్ లేదని మొండికేస్తాయి. సోనీ, ఫుజీ, కెనాన్ మెనూల్లో లెన్స్ లేకుండా షటర్ పడనివ్వమనే ఆప్షన్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. స్టెబిలైజేషన్‌లో లెన్స్ పొడవు చేత్తో ఎక్కించండి. 50 పెట్టి 85 అని వదిలేస్తే సాయం బదులు వణుకు పెరుగుతుంది. నికాన్ జెడ్‌లో దీన్ని నాన్-సీపీయూ లెన్స్ డేటా అంటారు.

పీకింగ్‌ని తక్కువ స్థాయిలో పెట్టండి. దాన్ని దారి చూపడానికి వాడి, ఆఖరి తీర్పు జూమ్‌కి వదిలేయండి. జూమ్‌ని బొటనవేలికి అందే బటన్‌కి కట్టండి. జరీ అంచు, మల్లెపూలు, కళ్లజోడు ఫ్రేమ్, ఇవన్నీ పీకింగ్‌ని మోసం చేస్తాయి. కింది కనురెప్ప వెంట్రుకలు వెతకండి. దొరికాక ఊపిరి బిగబట్టి, ఒళ్లు వెంట్రుకవాసి ముందుకు వాలుస్తూ మూడు నాలుగు ఫొటోలు వరసగా తీయండి. రింగు తిప్పడం కన్నా ఒళ్లు కదపడమే నమ్మకం. ఒకటైనా కుదురుతుంది.

పగటిపూట ఇంకో బెడద. నడినెత్తి ఎండలో ఐఎస్ఓ 100 దగ్గర ఎఫ్/16కి సుమారు 1/100 సెకను సరిపోతుంది. ఎఫ్/0.95కి తెరిస్తే అది 1/25,600 దాటుతుంది. చాలా కెమెరాల మెకానికల్ షటర్ 1/4000 లేదా 1/8000 దగ్గర ఆగుతుంది. మూడు స్టాపులు తగ్గించే ఎన్‌డీ8 ఫిల్టర్ పెడితే 1/3500 దగ్గరికి దిగుతుంది. ఎలక్ట్రానిక్ షటర్ కూడా ఆదుకుంటుంది గానీ, ఫంక్షన్ హాళ్ల ఎల్ఈడీ దీపాల కింద దానితో ఫొటో మీద అడ్డగీతలు పడొచ్చు. సగం ఎలక్ట్రానిక్, సగం మెకానికల్‌గా పనిచేసే ఫస్ట్ కర్టెన్ మోడ్‌ని మాత్రం ఎక్కువ షటర్ స్పీడుల్లో ఆపేయండి. దానితో వెనక దీపాల వృత్తాలు పైనో కిందో కోసినట్టు వస్తాయి. చాలామంది ఆ తప్పు లెన్స్ మీదికి తోస్తారు.

దాచడం

విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్లలో, ఎక్కడైనా వానాకాలంలో, తోలు సంచిలో దాచిన లెన్స్‌కి ఫంగస్ పట్టడానికి ఒక్క సీజను చాలు. తేమ 40, 50 శాతం మధ్య ఉంచే డ్రై క్యాబినెట్ కొనలేకపోతే, గట్టిగా మూత పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్ సంచులు, ఓ చిన్న తేమ మీటరు చాలు. నీలం గింజలు గులాబీ రంగుకి తిరిగితే సన్నటి సెగ మీద వేడి చేసి, చల్లారాక మళ్లీ డబ్బాలో వేయండి.